మారుతున్న వానలు - మన ఊరి నేల తీరు
(సంఘ సభ్యుల పాఠం)



పాల సంఘంలో పాఠమంటే వెన్న శాతం, లాక్టోమీటరు, గాలికుంటు టీకా, లెక్కల పుస్తకం అనుకోవడం పరిపాటి. ఈ పాఠం నేలను గురించి. పాలను మనం సంఘం గుమ్మం దగ్గర కొలుస్తాము. కాని అవి పుట్టేది చెలకలో, గట్టు మీద, బంచరాయిలో, కుంటలో. ఆ నేల తీరు చెడితే కార్యదర్శి ఎంత చక్కగా లెక్కలు రాసినా క్యాను నిండదు. వికారాబాదు, తాండూరు ప్రాంతాల సంఘాలను దృష్టిలో పెట్టుకొని ఈ పాఠం రాయబడింది. సంఘం సమావేశంలో ఒకరు చదువుతూ ఉండగా మిగిలినవారు విని, చివర ఇచ్చిన ప్రశ్నలపై చర్చించినట్లయితే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

1. వానలో వచ్చిన మార్పు

పెద్దలు కార్తెలను బట్టి దుక్కి దున్నారు, విత్తారు. మృగశిర, ఆరుద్ర, పునర్వసు, పుష్యమి అనే వరుస మీద మన సేద్యం నడిచింది. ఇప్పుడు ఆ వరుస తప్పుతున్నది. ఏడాది మొత్తం మీద పడే వాన కొన్నిసార్లు సరిపడా ఉన్నట్లే లెక్కకు వస్తుంది. కాని ఇరవై, ముప్పై రోజులు చినుకు లేకుండా పోవడం, ఆ తరువాత నాలుగు రోజుల వాన ఒక్క రాత్రిలో కుమ్మరించడం ఎక్కువైంది.

ఇది మన ఊరి మాట మాత్రమే కాదు. 1901 నుంచి 2018 వరకు మన దేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగినట్లు కేంద్ర ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ 2020లో ప్రకటించిన నివేదిక చెబుతున్నది. 1950కి, 2015కి మధ్య మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతి భారీ వానలు మూడింతలైనట్లు 2017లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. గాలి వేడెక్కితే అది ఎక్కువ తేమను పట్టి ఉంచుకుంటుంది. ఆ తేమ దిగేటప్పుడు ఒక్కసారిగా దిగుతుంది. జరుగుతున్నది ఇదే.

మన అనుభవంలోనివే చూడండి. 2009లో ఆగస్టు వరకు వానలు లేక రాష్ట్రం కరువుతో అల్లాడింది. అదే ఏడు అక్టోబరు మొదటి వారంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలు కృష్ణా, తుంగభద్ర వరదలలో మునిగాయి. 2015లో తెలంగాణలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు, దాని పరిసరాలలో కురిసిన వాన ఎంత నష్టం చేసినదో అందరూ ఎరుగుదురు. కనుక కరువు వేరు, వరద వేరు అని రెండు వేర్వేరు ఏర్పాట్లు చేసుకునే కాలం పోయింది. ఒకే నేల రెండింటినీ తట్టుకునేటట్లు ఉండవలెను. గట్టిగా పడిన వానను ఆపి, నెమ్మదిగా నడిపించి, నేలలో ఇంకించి, వాన లేని రోజున తిరిగి ఇచ్చే విధంగా ఊరి నేలను తీర్చుకోవడమే ఈ పాఠం సారాంశం.

2. ఒక గుట్ట, రెండు ఏర్లు

మనకు బడి పుస్తకం అక్కరలేదు, అనంతగిరి గుట్టలే చాలు. ఈ గుట్టలలోనే మూసీ పుట్టింది. గుట్టకు తూర్పున పడిన చినుకు మూసీలో కలిసి హైదరాబాదు మీదుగా పోతుంది. పడమట పడిన చినుకు కాగ్నాలో చేరి, తాండూరు మీదుగా కర్ణాటకలోకి పోయి భీమా నదిలో కలుస్తుంది. చివరకు రెండూ కృష్ణలోకే పోతాయి. చినుకు ఎటు పోవలెనో నిర్ణయించేది సర్కారు కాదు, జిల్లా సరిహద్దు కాదు, నేల వాలు. ఒక వాగులోకి నీరు దింపే నేల అంతటినీ కలిపి పరీవాహక ప్రాంతం అంటారు.

ఎగువన జరిగిన దానికి దిగువవారు ఎంత మూల్యం చెల్లిస్తారో 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదుకు నేర్పింది. ఆ తరువాతనే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. నగరం వారికి అంత పెద్ద జలాశయాలు కావలసి వచ్చాయి. ఊరికి చిన్నవి చాలును, కాని అవి అనేకం ఉండవలెను, పై నుంచి కిందికి వరుసగా ఉండవలెను.

3. చినుకు లెక్క

సంఘంలో లీటరు లెక్క అందరికీ తెలుసు. వానను కూడా లీటర్లలోనే లెక్క కడదాము.

ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. ఆ ప్రకారం ఎకరం నేలపై 10 మిల్లీమీటర్ల వాన, అనగా ఒక సెంటీమీటరు పడితే, సుమారు 40,000 లీటర్ల నీరు వచ్చినట్లు.

పాలిచ్చే బర్రె రోజుకు 60 నుంచి 80 లీటర్ల నీరు తాగుతుంది. 70 అనుకుందాము. ఏడాదికి 25,550 లీటర్లు. అంటే ఒక్క ఎకరం నుంచి ఒక్క సెంటీమీటరు వాన పారిపోతే, ఒక బర్రె ఏడాదిన్నర తాగే నీరు వాగుపాలు అయినట్లే. పోయేటప్పుడు అది ఒంటరిగా పోదు, పై మట్టిని కూడా వెంట తీసుకుపోతుంది. ఆ మట్టి కుంటలో పూడికగా చేరి, కుంట పట్టే నీటిని కూడా తగ్గిస్తుంది. ఒక నష్టం వెనుక మరొక నష్టం.

వేసవిలో ట్యాంకరు నీటికి డబ్బు పెట్టే సంఘాలు ఈ లెక్కను ఒకసారి బోర్డు మీద రాసి సభ్యులకు చూపవలెను.

4. పై నుంచి కిందికి: నేలను తీర్చే వరుస

పని ఎప్పుడూ ఎగువన మొదలు పెట్టి దిగువకు దిగవలెను. దిగువన చెక్‌డ్యాము కట్టి పైన గుట్టను బోడిగా వదిలితే రెండు మూడేళ్లలో చెక్‌డ్యాము మట్టితో నిండిపోతుంది.

(అ) గుట్ట, మిట్ట. వికారాబాదు పరిసరాలలో మిట్టల మీద ఎర్రని మొరం నేల. అక్కడ నీరు పరుగెత్తే వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో, చిన్న చిన్న కందకాలు తీయవలెను. ఒక వరుసలో ఉన్న ఖాళీకి ఎదురుగా కింది వరుసలో కందకం వచ్చేటట్లు చూడవలెను. కందకం తీసిన మట్టిని దిగువ పక్కన కట్టగా పోసి దాని మీద వేప, కానుగ, నేరేడు వంటి చెట్లు, మధ్యలో గడ్డి పెంచవలెను. చిన్న పాయలలో రాళ్లు అడ్డంగా పేర్చినా చాలు, నీటి వడి విరుగుతుంది.

(ఆ) చెలక, రేగడి. పొలం గట్లు ఊరికే సరిహద్దు గుర్తులు కావు. వాలుకు అడ్డంగా దున్నడం, అడ్డంగా విత్తడం, గట్టు మీద గ్లైరిసిడియా, అవిశ, సుబాబుల్ వంటివి నాటడం వలన మట్టి నిలుస్తుంది, మేత కూడా దొరుకుతుంది. గ్లైరిసిడియా కొమ్మ నాటితే నాటుకుంటుంది. దాని ఆకు పొలానికి పచ్చిరొట్టగా చాలా మంచిది. పశువు మొదట దాని వాసనకు ముట్టదు, వాడబెట్టి కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. సుబాబుల్ ఆకు మాత్రం పచ్చిమేతలో మూడవ వంతుకు మించరాదు, దానిలో మైమోసిన్ అనే చెడు పదార్థం ఉన్నది. తాండూరు వైపు నల్లరేగడిలో ఇంకొక చిక్కు ఉన్నది. వాన ఎక్కువైతే నీరు నిలిచి వేరు కుళ్లుతుంది. అక్కడ వెడల్పాటి మళ్లు, వాటి మధ్య కాలువలు తీసే పద్ధతి అనుకూలం. వాన తక్కువైనపుడు కాలువలో నీరు ఇంకుతుంది, ఎక్కువైనపుడు పంటకు హాని లేకుండా మెల్లగా బయటికి పోతుంది. ఆ పోయిన నీటిని పొలం మూలన కుంటలో పట్టుకోవలెను.

పొలం కుంట లెక్క: పైన పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు, పక్కలు ఏటవాలుగా తీసి అడుగున ఆరు మీటర్ల చదరం వచ్చేటట్లు చేస్తే, అందులో సుమారు 1 లక్షా 30 వేల లీటర్లు పడుతుంది. కంది పూత దశలో ఒక తడి ఇవ్వడానికి, పశువుల దాహానికి అక్కరకు వస్తుంది.

(ఇ) బంచరాయి. దీనిని గురించి ముందు వేరుగా చెప్పుకుందాము.

(ఈ) కుంట, చెరువు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో అనేక చెరువుల పూడిక తీశారు. ఆ పూడిక మట్టిని చెలకలకు తోలుకున్న రైతులకు దాని విలువ తెలుసు. కాని పూడిక ఒకసారి తీస్తే తీరేది కాదు. ఎగువ మట్టిని ఆపనిదే అది మళ్లీ వస్తుంది. శిఖం భూమిలో ఆక్రమణలు, కాలువలు మూసి ఇళ్ల స్థలాలు చేయడం వలన కుంటకు నీరు వచ్చే దారి పోతుంది. నీరు దిగే దారి లేని కుంట, గేటు మూసిన పాల కేంద్రం వంటిది.

(ఉ) నాపరాతి గనులు. తాండూరుకు నాపరాయి వలన పేరు, పని రెండూ వచ్చాయి. అయితే విడిచిన గుంతలు ఊళ్ల పక్కన ఉన్నాయి. వానకు నిండిన ఆ గుంతల గోడలు నిట్టనిలువుగా ఉంటాయి. దాహానికి దిగిన పశువు తిరిగి ఎక్కలేదు. కనుక చుట్టూ వ్యర్థపు రాయితోనే గోడ పేర్చి, ఒక పక్క మాత్రమే వాలుగా దారి తీసి, నీటిని పరీక్షించిన తరువాతనే పశువులకు వాడవలెను. బండల పాలిషు బురదను వాగు ఒడ్డున, కుంట పైన పోయనివ్వరాదు. ఆ మెత్తని సున్నపు పిండి నేల రంధ్రాలను పూడ్చి నీరు ఇంకకుండా చేస్తుంది. ముక్క రాయి మాత్రం గట్లకు, పాయలలో అడ్డు కట్టలకు చక్కగా పనికి వస్తుంది.

(ఊ) పశువుల కొట్టం. బర్రెది నల్లని తోలు, చెమట గ్రంథులు ఆవు కంటె తక్కువ. కనుక ఎండకు అది ముందు తల్లడిల్లుతుంది. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి. అంతకంటె పెద్ద నష్టం కనబడనిది. వేసవిలో ఎదకు వచ్చినా అరవదు, లక్షణాలు పైకి కనబడవు, చూలు తప్పిపోతుంది, ఆ ఏడు ఈత వెనుకబడుతుంది. కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉండవలెను. పడమటి, దక్షిణపు పక్కల చెట్లు ఉండవలెను. రాతి కప్పు పగలంతా కాగి రాత్రి కూడా సెగ వదులుతుంది, దాని మీద సొప్ప గాని తాటాకు గాని కప్పితే మేలు. కింద పరచిన బండ నునుపుగా ఉంటే బర్రె జారి కాలు విరుగుతుంది, పాలిషు పెట్టని గరుకు బండ వాడవలెను. మేతను తెల్లవారుజామున, రాత్రి పూట ఎక్కువగా వేసి, ఎండవేళ తగ్గించవలెను.

5. పంట మారితే గడ్డివాము మారుతుంది

ఈ మాట చాలా మంది గమనించరు. ఊరిలో జొన్న ఉన్నంత కాలం ఇంటింటా సొప్ప ఉండేది. జొన్న తగ్గి పత్తి పెరిగిన ఊళ్లలో రైతు చేతికి రొక్కం వచ్చింది, పశువు ముందుకు మేత రాలేదు. పత్తి కట్టె పొయ్యికి పోతుంది, బర్రెకు పనికిరాదు. వరి ఉన్నచోట కోత యంత్రం గడ్డిని తుక్కు చేసి పొలంలో వదులుతుంది, కొందరు దానికి నిప్పు పెడుతున్నారు. తరువాత వేసవిలో అదే గడ్డిని దూరపు ఊళ్ల నుంచి లారీ కిరాయి పెట్టి తెస్తున్నాము.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇది పేరుకు మాత్రమే కాదు, పాడికి కూడా మంచిది. కంది వేరు లోతుగా పోతుంది కనుక నడుమ వాన తప్పినా తట్టుకుంటుంది. ఆకు రాలి నేలకు బలమిస్తుంది. కాయ కొట్టిన తరువాత పొట్టు, ఎండిన ఆకు బర్రెకు మాంసకృత్తులున్న మేత. కంది సాళ్ల నడుమ జొన్న వేస్తే ఒక పంట తప్పినా మరొకటి నిలుస్తుంది, సొప్ప ఇంటికి వస్తుంది. పత్తి మానమని ఎవరినీ బలవంతం చేయలేము. కాని ప్రతి సభ్యుడు తన భూమిలో కొంత భాగం, ఎంత చిన్నదైనా, ఇంటి పశువుకని కేటాయించుకోవలెను.

ఒక జాగ్రత్త: వాన తప్పి వాడిన లేత జొన్నను పూతకు ముందు పచ్చిగా మేపరాదు. దానిలో విషం చేరి పశువు నిమిషాలలో కూలుతుంది. పూత వచ్చిన తరువాత కోసి, లేదా ఎండబెట్టి వేయవలెను.

6. వేసవి మేత లెక్క

ఫిబ్రవరి నడుమ నుంచి జూన్ నడుమ వరకు 120 రోజులు అనుకుందాము. ఒక పాడి బర్రెకు రోజుకు కనీసం 6 కిలోల ఎండుమేత, 15 కిలోల పచ్చిమేత చొప్పున:

ఎండుమేత 120 × 6 = 720 కిలోలు.
పచ్చిమేత లేదా పాతర మేత 120 × 15 = 1,800 కిలోలు.

సంఘంలో నూరు పాడి బర్రెలు ఉంటే ఎండుమేత 72 టన్నులు, పచ్చిమేత 180 టన్నులు కావలెను. ఈ అంకెను దీపావళి లోపల సంఘం నోటీసు బోర్డు మీద రాసినట్లయితే, ఉగాదికి ఎవరి దగ్గర ఎంత తక్కువో ముందే తెలుస్తుంది. ఇప్పుడు మనము మార్చిలో గాని మేలుకోవడం లేదు. అప్పటికి గడ్డి ధర పెరిగి, బర్రె ధర పడిపోతుంది. కరువులో పశువును తక్కువకు అమ్మి, వానలు పడ్డాక ఎక్కువకు కొనే సభ్యుడు రెండుసార్లు నష్టపోతాడు.

మొక్కజొన్న కంకి పాలు పోసుకొని గట్టిపడే దశలో కోసి ముక్కలు చేసి, గాలి చొరకుండా తొక్కి పాతర వేస్తే సుమారు 45 రోజులకు మాగుతుంది. ఘనపు మీటరు పాతరలో సుమారు 500 కిలోలు పడుతుంది. ఒక బర్రెకు నాలుగు ఘనపు మీటర్లు చాలును. వరిగడ్డిని యూరియాతో మాగబెట్టవచ్చును. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 60 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి పోకుండా కప్పి 21 రోజులు ఉంచవలెను. యూరియా నీటిని పశువుకు అందనివ్వరాదు. ఆరు నెలల లోపు దూడలకు ఈ గడ్డి వేయరాదు.

7. అసలు చిక్కు: బంచరాయి ఎవరిది?

ఇక్కడ పాఠం కొంచెం కఠినమవుతుంది. పై చెప్పినవన్నీ భూమి ఉన్నవారికి సులభం. మన సంఘాలలో పాలు పోసేవారందరికీ భూమి లేదు. ఒకటి రెండు బర్రెలతో బతికే స్త్రీలు చాలామంది ఉన్నారు. వారి మేత గట్టు మీద గడ్డి, రోడ్డు పక్క గడ్డి, బంచరాయి. నేల బాగు చేస్తామని బంచరాయికి కంచె వేసి, మూడేళ్లు మేపరాదని దండోరా వేస్తే, మొదట నష్టపడేది వారే. పెద్ద రైతు తన పొలంలో గడ్డి కోసుకుంటాడు. భూమి లేని ఆమె బర్రెను అమ్ముకుంటుంది. అప్పుడు ఊరి గుట్ట పచ్చబడవచ్చును, సంఘం మాత్రం పలచబడుతుంది.

అట్లని వదిలేద్దామా? వదిలేసిన బంచరాయి కూడా ఆమెకు ఏమీ ఇవ్వడం లేదు. గడ్డి వేరుతో సహా పోయి, తంగేడు, సర్కారు తుమ్మ మిగిలాయి. అది కూడా ఎవరో ఒకరు దున్నుకుంటే అడిగేవారు లేరు.

ఈ చిక్కుకు దారి చూపిన ఊరు హర్యానాలోని సుఖోమాజ్రి. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు మట్టితో పూడిపోతుండగా, 1970ల నడుమ నేల పరిరక్షణ శాస్త్రజ్ఞుడు పి. ఆర్. మిశ్రా ఆ మట్టి ఎక్కడి నుంచి వస్తున్నదో వెతుక్కుంటూ శివాలిక్ గుట్టల కింద ఉన్న ఆ ఊరికి చేరారు. మేకలు, పశువులు మేసి గుట్టలు బోడి అయ్యాయి. 1976 నుంచి అక్కడ చిన్న మట్టి కట్టలు కట్టారు. కాని ఆ నీరు కొందరి పొలాలకే అందింది. నీరు అందనివారు మేపడం ఎందుకు మానుతారు? అప్పుడు ఊరంతా కూర్చొని, భూమి ఉన్నా లేకున్నా ప్రతి ఇంటికి నీటిలో సమాన వాటా అని తీర్మానించుకున్నారు. భూమి లేని ఇల్లు తన వాటా నీటిని ఇంకొకరికి అమ్ముకోవచ్చును. ఆ తరువాత గుట్టను ఊరే కాపాడింది. గడ్డి పెరిగింది. మేకలు తగ్గి బర్రెలు పెరిగాయి, పాలు పెరిగాయి.

దీనిలో మనకు పాఠం ఏమిటి? కంచె వేసే ముందు వాటా తేల్చవలెను. బంచరాయిలో స్టైలో, అంజన్ గడ్డి పెంచి, పశువును వదలక కోసి తీసుకుపోయే పద్ధతి పెట్టుకుంటే, మొదటి కోత హక్కు భూమి లేని పాలసభ్యులకు ఇవ్వవలెను. మొదటి రెండు సంవత్సరాలు గడ్డి సరిపోదు కనుక, బంచరాయిని మూడు భాగాలు చేసి ఒక్కొక్క భాగాన్నే మూసి, మిగిలినవి మేపనివ్వవలెను. ఒక మనిషికి ఒక ఓటు అనేది సహకారం. అది తూకంలోనే కాదు, గడ్డి మోపులో కూడా కనిపించవలెను.

బంచరాయి పంచాయతీ అధీనంలోనిది, సంఘానిది కాదు. కనుక గ్రామసభ తీర్మానం, పంచాయతీ అనుమతి రాతపూర్వకంగా తీసుకొనకుండా ఏ పనీ మొదలు పెట్టరాదు. ఊరి ఉమ్మడి భూములలో ఆక్రమణలను తొలగించవలెనని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. సభ్యులు ఈ తీర్పును గుర్తుంచుకోవలెను.

8. దగ్గరి ఉదాహరణ: కొత్తపల్లి

హర్యానా దూరమనుకునేవారికి శంకరపల్లి మండలం కొత్తపల్లి ఉన్నది. వికారాబాదు రైలు దారిలోని శంకరపల్లికి సమీపమైన ఈ ఊరిలో 1999లో పటాన్‌చెరు ఇక్రిశాట్ వారు, మెట్ట సేద్యపు పరిశోధన సంస్థ, జిల్లా అధికారులు, స్వచ్ఛంద సంస్థ, గ్రామస్థులు కలిసి 465 హెక్టార్ల ఆదర్శ వాటర్‌షెడ్డు పని మొదలు పెట్టారు. చెక్‌డ్యాములు, పాయలకు అడ్డుకట్టలు, పొలం గట్లపై గ్లైరిసిడియా, వెడల్పాటి మళ్ల సేద్యం, స్త్రీల వానపాముల ఎరువు ఇవన్నీ కలిపి చేశారు. పారిపోయే నీరు తగ్గింది, బావులలో నీరు పెరిగింది. మొదటి సంవత్సరాలలో పత్తి తగ్గి మొక్కజొన్న, కంది పెరిగాయి.

కాని తరువాత బీటీ పత్తి రావడంతో పత్తి మళ్లీ విస్తరించింది. నేల పని చేసినంత మాత్రాన మేత దానంతట అది రాదు అని ఇది చెబుతున్నది. నీరు పెరిగితే ఆ నీటిని ఏ పంటకు వాడవలెనన్న కట్టుబాటు కూడా ఊరు చేసుకోవలెను. మహారాష్ట్రలోని హివరే బజార్ గ్రామం ఆ పని చేసింది. వానాకాలం అయిపోగానే ఎంత వాన పడిందో లెక్క చూచి, తాగునీరు, పశువుల నీరు ముందు తీసిపెట్టి, మిగిలినదానికి తగిన పంటలు వేస్తారు. సేద్యానికి బోరు వేయరాదని కట్టుబాటు. రోజుకు 150 లీటర్ల పాలు పోసిన ఆ ఊరు 4,000 లీటర్లకు చేరింది.

9. సంఘం చేయవలసిన పని

పాల సంఘం చెక్‌డ్యాము కట్టే ఇంజనీరు కార్యాలయం కాదు. కాని ఊరిలో రోజూ రెండు పూటలా అన్ని కులాలవారు, భూమి ఉన్నవారు లేనివారు వచ్చి నిలబడే చోటు సంఘం ఒక్కటే. ఈ బలాన్ని ఇట్లు వాడవచ్చును:

ఏప్రిల్: ఊరి పటం గీయండి. సంఘం ముందు నేల మీద ముగ్గుతో గుట్ట, వాగు, కుంట, బంచరాయి, బోర్లు, పశువులు నడిచే దారి గీసి, నీరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నదో పెద్దలను అడగండి. పశువుల కాపరులను తప్పక పిలవండి, వారికి తెలిసినంత మరెవరికీ తెలియదు.

మే: గ్రామీణ ఉపాధి పనుల జాబితాలో కందకాలు, పొలం కుంటలు, పూడిక తీత చేర్చమని పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వండి.

జూన్, జూలై: తొలకరిలో గట్ల మీద మేత చెట్లు, బంచరాయిలో గడ్డి విత్తనం. స్టైలో గింజ పొట్టు గట్టిది, నాలుగు నిమిషాలు వేడినీటిలో ఉంచి ఆరబెట్టి చల్లవలెను.

వానాకాలమంతా: ఒక వానమాపకం కొని సంఘం ఆవరణలో పెట్టండి. పాల లెక్కతో పాటు వాన లెక్క కూడా రోజూ రాయండి. మూడేళ్లకు ఆ పుస్తకం విలువ తెలుస్తుంది.

అక్టోబరు, నవంబరు: మేత లెక్క, పాతర, గడ్డి సేకరణ. నియమావళి అనుమతించిన మేరకు సంఘం గడ్డిని ముందుగా కొని వేసవిలో అసలు ధరకు ఇవ్వవచ్చును.

జనవరి నుంచి మే: నీటి తొట్లు, నీడ, చూలు పరీక్షలు.

10. మాదిరి తీర్మానం

మహాజన సభ మినిట్సు పుస్తకంలో రాసుకొనుటకు వీలుగా:

"ఊరి బంచరాయి, కుంటల సంరక్షణ కొరకు గ్రామపంచాయతీతో కలిసి పనిచేయుటకు ఈ సభ తీర్మానించడమైనది. బంచరాయిని మూడు భాగములుగా చేసి ఏటా ఒక భాగమును మాత్రమే మూయవలెను. మూసిన భాగములోని గడ్డిలో మొదటి వాటా భూమి లేని పాలసభ్యులకు చెందవలెను. ఇందుకు ఏడుగురు సభ్యుల ఉపసంఘమును ఏర్పాటు చేయడమైనది. వీరిలో ముగ్గురు స్త్రీలు, ఇద్దరు భూమి లేని సభ్యులు తప్పక ఉండవలెను. ఉపసంఘము ప్రతి మూడు నెలలకు సభకు లెక్క చెప్పవలెను."

ఉపసంఘంలో పేర్లు మాత్రమే రాసి, సమావేశం జరపకుండా సంతకాలు చేయించుకొనే అలవాటు దీనికి పనికిరాదు. గడ్డి మోపు అబద్ధపు మినిట్సుతో మొలవదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ ఊరిలో పడిన చినుకు ఏ వాగు ద్వారా ఏ నదికి పోతుంది? దారిలో ఎన్ని చోట్ల ఆగుతుంది?
2. మీ సంఘంలో భూమి లేని సభ్యులు ఎందరు? వారి పశువులకు మే నెలలో మేత ఎక్కడి నుంచి వస్తున్నది?
3. పదేళ్ల కిందట ఊరిలో జొన్న ఎన్ని ఎకరాలు, నేడు ఎన్ని ఎకరాలు?
4. కిందటి వేసవిలో మేత లేక, నీరు లేక ఎన్ని పశువులు అమ్ముడుపోయాయి? అవి మరల కొనబడ్డాయా?
5. బంచరాయి విస్తీర్ణం రికార్డులో ఎంత, నేల మీద ఎంత?

ఐదవ ప్రశ్నకు జవాబు చెప్పడానికి అందరూ ఇష్టపడకపోవచ్చును. అయినా దానిని చివరకు వదలక, సర్వే నంబరుతో సహా నమోదు చేయండి. మిగిలిన నాలుగు ప్రశ్నల జవాబులు దాని మీద ఆధారపడి ఉన్నాయి.